అక్క చెవి, బావ స్క్రూడ్రైవరు

నరసరావుపేటలో నాది మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు. ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు వస్తుంటాయి. ఒకరోజు మా వీధి చివర ఉండే పిల్లల డాక్టరుగారు కారు డిక్కీలోంచి దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి దింపించారు. విప్పి చూస్తే పడవ. మూడున్నర అడుగుల పొడుగుంది. ఎర్ర రంగు ఫైబర్ ఒళ్ళు, ముందువైపు ముక్కులా సన్నబడి ఉంది. రిమోట్‌తో నడిపేది.

"ముచ్చటపడి తెప్పించుకున్నానయ్యా. ఒక్కసారి స్టార్ట్ చేశాను. ఆ అరుపుకి మా ఆవిడ తలుపేసుకుంది, నేనూ భయపడ్డాను. మూడేళ్ళుగా మూల పడి ఉంది. నీకు పనికొస్తే ఉంచుకో" అన్నారాయన.

బొమ్మే కదా, లోపల చిన్న కరెంటు మోటారు ఉంటుందనుకున్నాను. మూత తీస్తే పెట్రోలు ఇంజన్. మిరప తోటల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌కి ఉండేలాంటిదే, టూ స్ట్రోక్. తాడు లాగి స్టార్ట్ చేయాలి. దాని నుంచి సన్నటి ఉక్కు తీగ లాంటి షాఫ్టు వెనక్కి వెళ్ళి, పడవ తోక దగ్గర రెండు రెక్కల ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. మధ్యలో క్లచ్ లేదు. ఇంజన్ తిరిగిందంటే రెక్కలూ తిరుగుతాయి. ఆ రెక్కల అంచు మీద బొటనవేలు ఆనించి చూశాను. కూరగాయల కత్తి కంటే పదునుగా ఉంది.

కరెంటు పని నాకు తెలుసు. పెట్రోలు ఇంజన్ తెలియదు. తెలిసినవాడు గురజాలలో ఉన్నాడు. మా పెద్దక్క భర్త.

బావ ముప్పయ్యేళ్ళు నాపరాయి క్వారీల్లో కంప్రెసర్ మెకానిక్‌గా చేశాడు. రోడ్డు మీద లారీ పోతుంటే టీ తాగుతూనే, "మూడో సిలిండరు సరిగా కొట్టట్లా" అనేవాడు. చుట్టుపక్కల ఆయిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు, స్ప్రేయర్లు ఏవి చెడినా ఆయన దగ్గరికే వచ్చేవి. ఇంజన్ స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని, కాసేపు వినేవాడు. తర్వాత ఒక్క స్క్రూ తిప్పేవాడు. అంతే.

కొన్నాళ్ళుగా ఆయన ఆ పని మానేశాడు. నడుం నొప్పి అని చెప్పేవాడు. అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కంప్రెసర్ల పక్కన గడిపిన ఆ ముప్పయ్యేళ్ళూ ఆయన చెవుల్ని తినేశాయి. టీవీ సౌండు వీధిలోకి వినపడేది. పిలిస్తే పలికేవాడు కాదు, పలికితే వేరే దానికి పలికేవాడు. అయినా ఆ మాట ఆయన అనలేదు, మేమూ అనలేదు. అక్క మాత్రం మాట్లాడేటప్పుడు ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనపడేలా మాట్లాడేది.

ఆదివారం పొద్దున పడవని బస్సులో వేసుకుని గురజాల వెళ్ళాను. కండక్టరు దాన్ని చూసి టిక్కెట్టు కొట్టాలా వద్దా అని ఆలోచించి, నవ్వి వదిలేశాడు.

బావ పడవని చూడగానే లేచి వచ్చాడు. మూత తీసి, కార్బ్యురేటర్ మీద వేలు పెట్టి, "స్ప్రేయర్ ఇంజనే గదరా ఇది. ఎవడో పిల్లోడికి చొక్కా తొడిగినట్టు దీనికి పడవ తొడిగాడు" అన్నాడు. చానా రోజుల తర్వాత ఆయన మొహంలో పని కనిపించింది. కార్బ్యురేటర్ విప్పి, పెట్రోల్లో కడిగి, లోపల ఎండిపోయిన రబ్బరు పొర మార్చాడు. కొత్త ప్లగ్ వేశాడు. మధ్యాహ్నానికి ఇంజన్ సిద్ధమైంది.

ఆ తర్వాత జరిగిందాంట్లో సగం తప్పు నాది.

వాకిట్లో పాత స్కూటర్ టైర్లు రెండు పరిచి వాటిమీద పడవని పెట్టాం. కట్టలేదు. రిమోట్ ఆన్ చేయకముందే నేను పడవలో బ్యాటరీ స్విచ్ వేశాను. లోపల ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్‌ని తిప్పే చిన్న మోటారు ఒకటుంటుంది. సిగ్నల్ లేకపోయేసరికి అది దానిష్టం వచ్చినట్టు తిరిగి, థ్రాటిల్‌ని పూర్తిగా తెరిచి ఆగిపోయింది. నేను చూడలేదు. బావ ఎడం చెయ్యి పడవ వెనకభాగం మీద వేసి, కుడిచేత్తో తాడు లాగాడు.

రెండో లాగుకే ఇంజన్ అందుకుంది. అందుకోవడమే కేక. నేను చెవులు మూసుకున్నాను. కాకులన్నీ లేచిపోయాయి. బావ మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోందనుకుని, మెడ ముందుకు చాచి వినబోతున్నాడు. అదురుకి పడవ టైరు మీంచి పక్కకి జారింది. పట్టుకోబోయాడు. చెయ్యి వెనక్కి, తిరుగుతున్న రెక్కల మీదికి పోయింది.

నేను రిమోట్‌లో ఏదేదో నొక్కుతున్నాను. ఏదీ పని చేయట్లేదు. అంతలో అక్క పరుగున వచ్చింది. ఉతకడానికి బకెట్లో నానబెట్టిన దుప్పటిని నీళ్ళు కారుతుండగానే తెచ్చి ఇంజన్ మీద కుమ్మరించినట్టు వేసింది. గాలి అందక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బావ ఎడం చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెగింది. ఆయన దాన్ని చూసుకుంటూ, ఎవరిదో చెయ్యి అన్నట్టు నిలబడి ఉన్నాడు.

ఆస్పత్రిలో ఆరు కుట్లు వేశారు. నరం తెగలేదు, అదృష్టం అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బావ నా పక్కన కూర్చున్నాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వంక చూస్తూ అన్నాడు.

"ఒరేయ్ బామ్మర్ది, నాకు వినపళ్ళేదురా."

ఆటో శబ్దంలో నేను మాట్లాడినా ఆయనకి అందదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. ఎదురుగా కూర్చున్న అక్క తల తిప్పుకుంది.

పడవని మూటకట్టి తిరిగి తీసుకుపోదామనుకున్నాను. బట్టలు సర్దుకుంటుంటే అక్క వచ్చింది.

"యాడికి తీసకపోతన్నావు దాన్ని?"

"ఎందుకక్కా ఇంకా. డాక్టరుగారికే ఇచ్చేస్తా."

"ఇస్తే ఆయన ఇంక ఏ ఇంజనూ ముట్టుకోడు. పొద్దున మీ బావ మొహం చూశావా నువ్వు? దాన్ని ఎట్టా పట్టుకోవాలో నేర్చుకుని రా. అప్పటిదాకా ఇక్కడే ఉంటది. తాడు మాత్రం నేను దాస్తా."

నిజంగానే స్టార్టర్ తాడు చుట్ట ఊడదీయించి బియ్యం డబ్బాలో పెట్టింది.

మూడు వారాలు షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్లో వీడియోలు చూశాను. వేరే దేశాలవాళ్ళు ఇలాంటి పడవలు నడుపుతూ చెప్పేవి. భాష సగమే అర్థమైనా చేతులు చూస్తే పని తెలిసిపోయేది. అందరూ ముందు రిమోట్ వేస్తారు, తర్వాతే పడవ. ఆపేటప్పుడు ముందు పడవ, తర్వాత రిమోట్. తాడు లాగే ముందు థ్రాటిల్ పూర్తిగా మూసుకుందో లేదో కంటితో చూస్తారు. రెక్కల వెనక ఎవరూ నిలబడరు. వదులు చొక్కాలు వేసుకోరు. నీళ్ళలో లేనప్పుడు ఇంజన్‌ని గట్టిగా తిప్పరు, ఎందుకంటే అది చల్లబడేది పడవ కిందనుంచి వచ్చే నీళ్ళతోనే. నేను ఆ ఒక్క మధ్యాహ్నంలో చేయకూడనివన్నీ చేశానని తెలిసి సిగ్గేసింది.

మధ్యలో ఒక ఆదివారం గురజాల వెళ్ళి, పడవకి నాకు చేతనైన పని నేను చేశాను. ఇంజన్ కాయిల్ నుంచి వచ్చే వైరు బాడీకి తగిలితే స్పార్క్ ఆగిపోతుంది. దానికి పిన్ను పెట్టి స్విచ్ చేశాను. పిన్ను లాగితే ఇంజన్ ఆగుతుంది. పిన్నుకి ఎర్ర రిబ్బను కట్టాను. రిమోట్‌లో ఖాళీగా ఉన్న బటన్‌కి అదే పని అప్పజెప్పాను. సిగ్నల్ పోతే థ్రాటిల్ దానంతటదే మూసుకునేలా అమర్చాను. బావ ఈలోపు ఒంటిచేత్తో చెక్క స్టాండు చేసి, నాపరాయి పలక మీద బోల్టులతో బిగించాడు. పడవ అందులో కూర్చుంటే రెండు బెల్టులతో కట్టేయొచ్చు.

కుట్లు విప్పాక అక్క బియ్యం డబ్బాలోంచి తాడు తీసిచ్చింది, వాకిట్లో మళ్ళీ స్టార్ట్ చేశాం. ప్రొపెల్లర్ తీసేసి, స్టాండుకి కట్టేసి, అర నిమిషం కూడా తిప్పకుండా ఆపేశాం. ఎర్ర రిబ్బను కొస అక్క చేతిలో ఉంది. ఆగిన వెంటనే ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది.

ట్యూనింగ్ అసలు నీళ్ళ మీదే చేయాలి. ఊరికి కొంత దూరంలో తవ్వకం ఆపేసిన క్వారీ గుంట ఉంది. వానలకి నిండి, పచ్చటి నీళ్ళతో నిలకడగా ఉంటుంది. టిప్పర్లు ఎక్కిదిగిన దారి ఒకవైపు వాలుగా నీళ్ళలోకి దిగుతుంది. అక్కడినుంచి పడవని వదలొచ్చు. మిగతా మూడు వైపులా నిలువు గోడలు. అక్కడి కాపలాదారు బావకి పాత స్నేహితుడు. రానిచ్చాడు గానీ వేలు చూపించి చెప్పాడు.

"పడవ ఆగిపోయిందని ఎవురూ నీళ్ళల్లో దిగబాకండి. మధ్యలో ఎంత లోతో నాకే తెలవదు."

అందుకే బోరు మోటారు దించే నైలాన్ తాడు తీసుకెళ్ళాం. పడవ మధ్యలో ఆగితే చెరొక గట్టు మీద ఇద్దరం తాడు కొసలు పట్టుకుని నడిచి, పడవని వాలువైపుకి లాక్కురావాలని పథకం. ఆ రోజు ఆ పని మూడుసార్లు పడింది.

పొద్దున ఏడింటికల్లా గాలి లేదు. రాతిగోడల నీడ నీళ్ళలో కదలకుండా ఉంది. బావ పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలిపాడు. కార్బ్యురేటర్ పక్కన ఉన్న రెండు చిన్న స్క్రూలు చూపించాడు. ఒకటి నెమ్మదిగా తిరిగేటప్పటిది, రెండోది పూర్తి వేగానిది.

"ముందు రెండూ వదులుగా పెడతన్నా. పెట్రోలు ఎక్కువ పోద్ది. పొగొస్తది, గుడగుడమంటది, పరిగెత్తదు. ఫర్వాలేదు. దీంట్లో ఆయిలు కూడా పెట్రోలుతోనే లోపలికి పోయేది. పెట్రోలు తగ్గిస్తే ఆయిలు తగ్గినట్టే. స్క్రూ బిగించేకొద్దీ కేక బాగుంటది, స్పీడూ బాగుంటది. ఆ కేక మోజులో పడితే పిస్టను వేడికి బిగుసుకుని పట్టేస్తది."

"ఎంతవరకు బిగించాలి బావా?"

ఆయన చెవి చూపించబోయి, చెయ్యి దించేశాడు.

నేను రిమోట్ పట్టుకుని పడవని నీళ్ళలో వదిలాను. పొగ తోక వేసుకుని, గుడగుడమంటూ, బరువుగా వెళ్ళింది. బావ వాలు చివర నిలబడి పొగ రంగు చూస్తున్నాడు. తిరిగి తెచ్చి, పిన్ను లాగి, ఆపి, స్క్రూని గడియారంలో చిన్న ముల్లు ఒక గంటకి జరిగినంత బిగించాడు. మళ్ళీ వదిలాం. ఇలా నాలుగుసార్లు. పొగ పలచబడింది. ఆ తర్వాత పొగ చూసి చెప్పగలిగింది అయిపోయింది. పడవ దూరంగా పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఇంజన్ ఏమంటోందో తెలియాలి.

"ఎట్టా ఉందిరా?" అని అడిగాడు.

"గట్టిగానే ఉంది బావా."

"గట్టిగా అంటే ఏంది? లావుగానా, సన్నంగానా?"

నాకు తెలియలేదు. ఫ్యాను బేరింగ్ పోయిందంటే చెప్పగలను. ఇది చెప్పలేను. అప్పుడు వెనక బండరాయి మీద టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని కూర్చున్న అక్క అంది.

"ఇంకా బొంగురుగానే ఉంది. జలుబు చేసినోడు మాట్లాడినట్టు. మలుపు తిరిగేటప్పుడు కొంచెం బాగుంటంది, మళ్ళీ మూసుకుపోతంది."

నేను వెనక్కి తిరిగి చూశాను. బావకి వినపడలేదు. ఆయన భుజం తట్టి, అక్క వైపు చూపించాను. అక్క లేచి ఆయన ఎదురుగా వచ్చి అదే మాట మళ్ళీ చెప్పింది. బావ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"నీకెట్టా తెలుసే?"

"ముప్పయ్యేళ్ళు నీ ఇంజన్ల పక్కన వంట చేశా. బాగున్నదెప్పుడో, నువ్వు తిట్టుకునేదెప్పుడో తెలవదా? నువ్వెప్పుడన్నా అడిగావా నన్ను?"

బావ వంగి స్క్రూ తిప్పాడు.

అక్కడినుంచి పని వేరేగా నడిచింది. పడవ దూరంగా ఉన్నప్పుడు అరిచి చెప్పడం కుదరదు కాబట్టి అక్క చేత్తో చెప్పింది. అరచెయ్యి కిందకి ఊపితే బొంగురు. చెయ్యి తిన్నగా చాపితే బాగుంది. పిడికిలి పైకెత్తితే నేను వెంటనే థ్రాటిల్ వదిలేయాలి. బావ ఆమె చెయ్యి చూసి స్క్రూ తిప్పేవాడు. నెమ్మది నుంచి ఒక్కసారిగా వేగం పెంచితే ఇంజన్ తటపటాయించేది. "ఆకలేసినోడు మెట్లెక్కినట్టుంది" అంది అక్క. బావ చిన్న స్క్రూ కాస్త వదులు చేశాడు. ఆ తటపటాయింపు పోయింది. నేను రిమోట్ తిప్పేవాణ్ణి మాత్రమే.

ఎనిమిదో తొమ్మిదో విడతకి అక్క చెయ్యి తిన్నగా నిలబడింది. పడవ నీళ్ళ మీద ముక్కు ఎత్తి, రెండు గోడల మధ్య గీత గీసినట్టు పోతోంది. బావ కళ్ళల్లో మెరుపు చూశాను.

"ఇంకొక్క రవ్వ బిగిస్తా. ఇంకా పరిగెత్తుద్ది ఇది."

"వద్దు" అంది అక్క.

"చూడు ఎట్టా పోతందో! ఇంకొక్క రవ్వే."

"నీ ఇష్టం. నేను చెప్పేది చెప్పా."

బిగించాడు. వదిలాను. పడవ నిజంగానే ఇంకా జోరందుకుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ జోరు పట్టుమని పది లెక్కపెట్టేంతసేపు కూడా నిలవలేదు, అక్క పిడికిలి పైకి లేచింది. నేను థ్రాటిల్ వదిలి బటన్ నొక్కాను. పడవ గుంట మధ్యలో ఆగిపోయి, తన అలల మీద తనే ఊగుతూ ఉండిపోయింది.

బావా నేనూ చెరో గట్టూ పట్టుకుని, అంచుకి దూరంగా జాగ్రత్తగా నడుస్తూ తాడుతో లాక్కొచ్చాం. ఆయన తాడు విసురుగా లాగుతున్నాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఒడ్డుకి రాగానే ప్లగ్ విప్పి అరచేతిలో పెట్టుకుని ఎండకి ఎత్తి చూశాడు. కాఫీపొడి రంగులో ఉండాల్సిన దాని మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఇంకో నిమిషం తిరిగుంటే పిస్టను పట్టేసేది.

ఆయన ఆ ప్లగ్‌ని తీసుకెళ్ళి అక్కకి చూపించాడు. ఆమెకి ఆ రంగుల సంగతి తెలియదు. అయినా చూసింది.

"ఏమైంది?"

"నువ్వు చెప్పిందే" అన్నాడు బావ.

స్క్రూ వెనక్కి తిప్పాడు, పోయినసారి ఉన్నచోటికి కాదు, ఇంకాస్త వదులుగా. ఎండ ఎక్కేకొద్దీ ఇంజన్ తీరు మారుతుందని, కొంచెం పొగ ఉంటేనే దానికి మంచిదని చెప్పాడు. కొత్త ప్లగ్ వేసి వదిలాం. అక్క చెయ్యి తిన్నగా చాపి, అలాగే ఉంచింది. రెండు చుట్లు తిప్పి తీసుకొచ్చి ప్లగ్ చూస్తే కాఫీపొడి రంగు. ఇంజన్‌ని చల్లబరిచి బయటికొచ్చే నీళ్ళు వేలితో తాకితే వెచ్చగా ఉన్నాయి, కాలట్లేదు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసేసి, బ్యాటరీ ఊడదీసి, అప్పుడు టిఫిన్ క్యారియర్ విప్పాం. కాపలాదారు కూడా వచ్చి కూర్చున్నాడు. గోంగూర పచ్చడన్నం తింటూ, "మొత్తానికి వదినే మేస్త్రి అన్నమాట" అన్నాడు. బావకి ఆ మాట వినపడలేదు. అక్క చెప్పలేదు. నేను చెప్పాను, ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా. ఆయన తల ఊపి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

తర్వాతి నెలలో ఇద్దర్నీ గుంటూరు తీసుకెళ్ళి బావ చెవులు చూపించాను. ఈసారి ఆయన నడుం నొప్పి అనలేదు. చెవి మిషను ఇచ్చారు. మాటలు బాగా వినపడుతున్నాయి గానీ, ఇంజన్ దగ్గర పెట్టుకుంటే అంతా రేకుల మీద రాళ్ళు పోసినట్టుంటుందంటాడు. అక్కడ తీసి జేబులో పెట్టుకుంటాడు.

పడవ ఇప్పుడు నా షాపులో పై అరలో ఉంది. వీలైన ఆదివారం గురజాల తీసుకెళ్తాను. పోయినసారి వెళ్ళేసరికి మిరపకి మందులు కొట్టే రోజులు. బావ వాకిట్లో నాలుగు స్ప్రేయర్లు వరసగా ఉన్నాయి. వెల్దుర్తి నుంచి వచ్చిన రైతొకాయన తన మిషను స్టార్ట్ చేసి, "ఎట్టా ఉంది మామా?" అని బావని అడిగాడు. బావ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్న అక్క వంక చూశాడు. ఆమె తల ఎత్తకుండానే కాసేపు విని, "పెట్రోలు చాల్టం లేదు దానికి" అంది.

రైతు ఆమె వంకా ఈయన వంకా మార్చి మార్చి చూశాడు. బావ అప్పటికే స్క్రూడ్రైవరు తీసుకుని వంగాడు.